కుట్టు దారం బయటికొచ్చిందని రాశావు కదా

బంగారూ,

నువ్వు పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. నీ టమ్మీ టక్, అదే పొట్ట బిగించే ఆపరేషన్, కోత చివర, కుడి తుంటి వైపు, చిన్న మొటిమలా ఎర్రగా లేచింది. దాని మధ్యలోంచి సన్నటి తెల్ల దారపు కొస కనిపిస్తోంది. కింద నువ్వు, "అమ్మా, ఇవి కరిగిపోతాయన్నారు కదా, మరి ఇదేంటి? నేనేమైనా తప్పు చేశానా?" అని అడిగావు. ఆ చివరి ప్రశ్న చూసి మనసు చివుక్కుమంది. ఫోన్‌లో చెబితే నువ్వు సగం వింటావు, సగం టెన్షన్ పడతావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను, దాచుకుని మళ్ళీ చదువుకో.

నువ్వు ఏ తప్పూ చేయలేదు. అంతంత పొడుగు కోత పడే ఆపరేషన్లలో ఒకటో రెండో కుట్లు ఇలా బయటికి తోసుకురావడం మామూలే. సాధారణంగా రెండు వారాల నుంచి మూడు నెలల లోపు ఎప్పుడైనా రావచ్చు. నీకు నెలన్నర దాటింది కాబట్టి ఇది రావాల్సిన టైమే.

సర్జికల్ వార్డులో అన్నేళ్ళు నర్సుగా చేసినదాన్ని కదా, ఈ దారాల సంగతి కాస్త తెలుసు. కరిగే కుట్లనగానే చక్కెర నీళ్ళలో కరిగినట్టు ఒక్కసారిగా మాయమైపోతాయని అందరూ అనుకుంటారు. అలా జరగదు. వెనకటి రోజుల్లో క్యాట్‌గట్ అని గొర్రెల, పశువుల పేగుల నుంచి తీసిన దారం వాడేవారు. దాన్ని ఒంట్లోని ఎంజైములు విరగ్గొట్టేవి, దాంతో చుట్టూ వాపు ఎక్కువగా ఉండేది. 1970ల నుంచి కృత్రిమ దారాలు వచ్చాయి. వీటిని మన ఒంట్లోని నీరే మెల్లమెల్లగా ముక్కలు చేస్తుంది. ఒక్కో దారానికి ఒక్కో గడువు. విక్రిల్ అనే రకం పూర్తిగా పోవడానికి దాదాపు రెండు నెలలు పైనే పడుతుంది, మోనోక్రిల్‌కు మూడు నాలుగు నెలలు, పీడీఎస్‌కు ఆరు నెలలు దాటుతుంది. ఇంకో సంగతి, దారానికి ముందు బలం పోతుంది, దారం పోయేది చాలా తర్వాత. మోనోక్రిల్ పట్టు నెల తిరిగేసరికే పోతుంది, కానీ దారం మాత్రం చర్మం కింద ఇంకా ఉంటుంది.

నీ పొట్ట ఆపరేషన్‌లో కుట్లు పొరలు పొరలుగా వేస్తారు. లోపల కండరాల మీది పొర బిగించడానికి వేసినవి బాగా లోతుగా ఉంటాయి. వాటితో సాధారణంగా ఇలాంటి పేచీ ఉండదు. చర్మానికి కాస్త కిందగా వేసిన కుట్లే ఇలా పైకొస్తాయి, అందులోనూ ముడులు. ముడి దగ్గర దారం మందంగా ఉంటుంది కాబట్టి ఆలస్యంగా కరుగుతుంది. పైపొరకు దగ్గరగా ఉన్న ముడిని శరీరం పరాయి వస్తువుగా చూసి బయటికి నెట్టేస్తుంది. ముందు చిన్న గట్టి గడ్డ, తర్వాత ఎర్రటి పొక్కు, పొక్కు చితికితే కాస్త రసి గానీ చీము గానీ, ఆ తర్వాత దారం కొస. చీము కనబడగానే అది ఇన్ఫెక్షనే అనుకోనక్కర్లేదు. దారం మీద ఒంటికున్న కోపం వల్ల కూడా చీము పడుతుంది.

ఇక అసలు మాటకొస్తాను. ఆ కొసను లాగకు! నీ చేతులు ఊరుకోవని తెలుసు, చిన్నప్పుడు గాయం మీద చెక్కు కట్టగానే గిల్లేదానివి. పైకి కనబడేది అంగుళంలో పదో వంతే అయినా, చర్మం కింద అది ఎంత దూరం పాకి ఉందో నీకు తెలియదు. లాగితే ఇంకా అతుక్కోని చోట గాయం విచ్చుకోవచ్చు, పైనున్న మురికి లోపలికి పోవచ్చు. మా వార్డులో ఆ కొసను ఫోర్సెప్స్‌తో, అంటే సన్నటి పట్టకారుతో, కొంచెం ఎత్తి, చర్మానికి ఆనించి కత్తిరించేవాళ్ళం. మిగిలింది లోపలికి జారిపోయేది. ముడి వదులైపోతే మొత్తం అదే వచ్చేసేది. దారం పోయాక ఆ చిన్న రంధ్రం చాలావరకు తనంతట తానే పూడుకుంటుంది. ఇదంతా నిమిషాల్లో అయిపోయే పని, కానీ శుభ్రమైన పరికరాలతో, తెలిసినవాళ్ళు చేయాల్సిన పని.

అప్పటిదాకా స్నానంలో మైల్డ్ సోపు, పారే నీళ్ళు చాలు. తర్వాత మెత్తటి బట్టతో అద్దు, రుద్దకు. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ దగ్గరికి రానివ్వకు, అవి కొత్తగా పుడుతున్న కణాలను కూడా చంపేస్తాయి. టబ్బులో నానడం, ఈత ప్రస్తుతానికి వద్దు. ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయోటిక్ వేసుకోకు. ఇంకొకటి, ఫొటోలో నీ బైండర్, అదే పొట్టకు చుట్టుకునే బిగుతు పట్టీ, అంచు సరిగ్గా ఆ పొక్కు మీదే పడుతోంది, చర్మం మీద గీత కూడా కనిపించింది. అక్కడ ఒరుసుకోకుండా ఏం చేయాలో డాక్టరును అడుగు.

పిల్లదాన్ని ఎత్తుకోవడం గురించి కూడా చెప్పాలి. మూడు వారాలకు గాయానికి వచ్చే బలం మామూలు చర్మంలో నాలుగో వంతు, అటూ ఇటూగా. మూడు నెలలకు ఎనభై శాతం దాకా వస్తుంది. పైకి గీత అతుక్కున్నట్టే కనిపిస్తుంది కాబట్టి మోసపోతాం. సర్జన్ సరేననేదాకా అదే నీ ఒళ్ళోకి ఎక్కి కూర్చోవాలి, నువ్వు వంగి ఎత్తుకోకూడదు.

ఎరుపు గంటగంటకీ పాకుతున్నా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా, నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, జ్వరం, చలి వచ్చినా, చీము వాసన వేసినా, గాయం నోరు తెరుచుకున్నా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకు. అర్ధరాత్రయినా సరే, అప్పటికప్పుడే వెళ్ళిపో.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా వార్డుకు ఒకావిడ ఇలాంటి ఆపరేషనే అయ్యాక జ్వరంతో వచ్చింది. దారం బయటికొచ్చి అప్పటికి చాలా రోజులైందట. ఎవరికీ చెప్పకుండా దాని మీద ప్లాస్టర్ల మీద ప్లాస్టర్లు అంటించుకుంటూ వచ్చింది. అవి ఒక్కొక్కటీ తీస్తుంటే కింద చర్మమంతా తడికి పాలిపోయి ముడతలు పడి ఉంది. ముందే ఎందుకు రాలేదమ్మా అంటే, "అందం కోసం చేయించుకున్నాను కదండీ, ఏ మొహం పెట్టుకుని చెప్పను" అంది. నువ్వూ ఆ మాటే ఇంకోలా రాశావు, "కోరి తెచ్చుకున్నాను, డాక్టరును విసిగించడం ఎందుకు" అని. తల్లీ, నువ్వు ఎందుకు చేయించుకున్నావో గాయానికి పట్టదు. ఏ కారణంతో కోసినా మానడానికి పడే కష్టం ఒక్కటే, అడిగే హక్కూ ఒక్కటే. ఆపరేషన్ తర్వాత వచ్చే ఇలాంటివి చూడటం కూడా ఆ సర్జన్ పనిలో భాగమే. ఎవరైనా నీకు ఎందుకొచ్చిన గొడవ అంటే, ఆ మాట అక్కడే వదిలేయ్.

పొద్దున్నే క్లినిక్‌కు ఫోన్ చెయ్యి. ఆపరేషన్ అయిన తేదీ, పొక్కు ఎప్పుడు మొదలైంది, రసి రంగు, జ్వరం ఉందా లేదా, ఇవి ఒక కాగితం మీద రాసి పెట్టుకో. రోజూ ఒకే వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి ఫొటో తియ్యి, తేడా తెలుస్తుంది. ఏ దారం వాడారో అడిగి తెలుసుకో, ఇంకా ఎన్నాళ్ళు ఇలాంటివి రావచ్చో అంచనా ఉంటుంది. మచ్చకు రాసే సిలికాన్ జెల్ ఆ రంధ్రం పూర్తిగా మూసుకున్నాకే. మచ్చ రంగు తేరుకోవడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది, ఇప్పట్నుంచే అద్దం ముందు నిలబడకు.

డాక్టరు ఏమన్నారో చూశాక నాకు రాయి. రావాలనిపిస్తే ఒక్క మాట చెప్పు, బట్టలు సర్దుకుని వచ్చేస్తాను.

అమ్మ