మాటకు జవాబేది?

ఒరేయ్ శీనూ,

నువ్వు మన వాట్సాప్ గ్రూప్‌లోంచి వెళ్ళిపోయావని పొద్దున చూశాను. ఫోన్ చేస్తే "వదిలెయ్‌రా, మనకెందుకు" అని మాట మార్చేస్తావు, అందుకే చేయలేదు. రాస్తే చివరిదాకా చదువుతావు.

అసలు నువ్వన్నదాంట్లో అంత గొడవ పడాల్సింది ఏముంది? 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి, అది రికార్డు, నిజమే. కానీ విజయవాడ సింగ్ నగర్‌ని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. మైలవరం కొండల్లోంచి దిగి కొల్లేటికి పోవాల్సిన వాగు అది, డైవర్షన్ కాలువకి గండ్లు పడేసరికి ఇళ్ళ మీదకి వచ్చేసింది. 2005లో కూడా పొంగింది. కాబట్టి వాగు ఊళ్ళో ఎక్కడెక్కడ ఇరుకైపోయిందో మ్యాప్ మీద గుర్తుపెట్టి, అక్కడున్నవాళ్ళకి వేరే చోటు చూపించి, నీళ్ళకి దారి ఇవ్వాలి అన్నావు. దానికొచ్చిన జవాబులన్నీ రాత్రి మళ్ళీ పైనుంచి కిందదాకా చదివాను. ఒక్కడంటే ఒక్కడు వాగు గురించి మాట్లాడలేదురా!

మొదటివాడు "గుంటూరు బ్రాడీపేటలో కూర్చుని బెజవాడ వరద గురించి చెప్పడానికి నువ్వెవడివి" అన్నాడు. రెండోవాడు నీ ఇంటిపేరు పట్టుకున్నాడు. మన జిల్లాల్లో ఇది అందరికీ వచ్చిన విద్యే కదా, ఇంటిపేరు తెలిస్తే కులం, కులం తెలిస్తే పార్టీ, పార్టీ తేల్చేశాక ఇక "అందుకే అలా అంటున్నాడు" అని పక్కన పడేయడం. గుంటూరువాడు చెప్పినా, సింగ్ నగర్లో డాబా ఎక్కి పాల ప్యాకెట్ల కోసం ఎదురుచూసినవాడు చెప్పినా, కాలువకి గండి పడ్డం పడ్డమే. చెప్పినవాడి కులాన్ని బట్టి అది పూడుతుందా?

ఇంకో సంగతి. మనవాళ్ళు వ్యక్తిగత దాడి అంటే బూతులు అనుకుంటారు. "నీ లెక్క తప్పురా వెధవా, ఇదిగో అసలు లెక్క" అని ఎవడైనా అంటే అది మొరటు మాటే, కానీ అందులో ఒక జవాబుంది, లెక్క సరిచూసుకోవచ్చు. "అన్నగారూ, మీరెటువైపు మనిషో అందరికీ తెలుసులెండి, మీతో వాదనెందుకు" అని దణ్ణం బొమ్మ పెట్టి రాసినదాంట్లో ఏముంది? ఏమీ లేదు. అయినా అడ్మిన్ మొదటిదాన్ని డిలీట్ చేస్తాడు, రెండోదాన్ని ఉంచుతాడు. నా దృష్టిలో రెండోదే ఎక్కువ చెరుపు చేస్తుంది.

అలాగని చెప్పేవాడు ఎవడో అసలు చూడొద్దని కాదు. వాగు పక్కన వెంచర్ వేసినాయన "ఇక్కడికి నీళ్ళు రావండీ" అంటే ఆయనకి అందులో లాభముందని గుర్తుంచుకోవాల్సిందే, ఒకటికి రెండుసార్లు చూసుకోవాల్సిందే. కానీ లాభముంది కాబట్టి అబద్ధమే అని తేల్చేయలేం, వెళ్ళి మట్టం కొలవాలి.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది "అంటే పేదోళ్ళ ఇళ్ళ మీదకి బుల్డోజర్లు పంపమంటావా" అన్న మెసేజ్. "వేరే చోటు చూపించి" అన్న మాట నువ్వు స్పష్టంగా రాశావు, దాన్ని తీసిపారేసి, నువ్వు అనని మాట నీ నోట్లో పెట్టి, దాని మీద యుద్ధం. అక్కడినుంచి నువ్వు కూడా "నేనలా అనలేదు" అని వివరణ ఇస్తూనే ఉన్నావు, వాగు ఊసే పోయింది. ఆ తర్వాత "2009లో కర్నూలు మునిగినప్పుడు ఎక్కడున్నావ్" అని ఒకడు, "ఈయనొస్తే వానలు, ఆయనొస్తే కరువు" అని ముఖ్యమంత్రుల మీద ఇంకొకడు. కాకి వాలింది, తాటిపండు పడింది, కాబట్టి కాకే పడేసింది అన్నట్టు.

ఇవేవీ వాట్సాప్‌తో పుట్టిన రోగాలు కావు. మన పాత తర్కగ్రంథం, గౌతముడి న్యాయసూత్రాల్లో, వాదంలో ఎప్పుడెప్పుడు ఓడిపోయినట్టో 22 రకాలుగా చెప్పారు, వాటిని నిగ్రహస్థానాలంటారు. సంబంధం లేని సంగతి ఎత్తుకోవడం అందులో ఒకటి, అర్థాంతరం. నాకు బాగా నచ్చింది అననుభాషణం: అవతలివాడు తన మాట మూడుసార్లు చెప్పాడు, సభకి అర్థమైంది, అయినా నువ్వు దాన్ని తిరిగి చెప్పలేకపోయావంటే ఓడినట్టే. తప్పని నిరూపించడం తర్వాత సంగతి, ముందు అతనేమన్నాడో చెప్పగలగాలి. మన గ్రూప్‌లో ఈ ఒక్కటి పెడితే చాలు, బుల్డోజర్ మెసేజ్ పుట్టేదే కాదు.

కుదరదంటావేమో. మన పటమట నాస్తిక కేంద్రం గోరా గారు 1944లో గాంధీ ఆశ్రమం సేవాగ్రామ్ వెళ్ళి ఆయనతో దేవుడు లేడని వాదించారు. గాంధీకి రాముడంటే ప్రాణం. ఇద్దరిలో ఎవరూ తమ నమ్మకం వదులుకోలేదు. అయినా గోరా కూతురికి ఒక దళిత యువకుడితో పెళ్ళి తన ఆశ్రమంలోనే జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు, ఆయన పోయాక 1948 మార్చిలో అక్కడే జరిగింది. వాళ్ళ మధ్య ఉన్న తేడా ముందు మన గ్రూప్ తేడాలు ఎంతరా?

నువ్వు మళ్ళీ రావాలి. నీ కోసం కాదు, వానలు మొదలైతే మంచాల కింద ఇటుకలు పెట్టుకునే వాళ్ళున్నారు ఆ గ్రూప్‌లో, వాళ్ళు నీ మెసేజ్ చదివి ఏమీ అనకుండా ఊరుకున్నారు. వాళ్ళకి ఆ మ్యాప్ కావాలి. అడ్మిన్‌తో మాట్లాడాను, నిన్ను మళ్ళీ యాడ్ చేస్తానన్నాడు. అదే మెసేజ్ ఒక్క అక్షరం మార్చకుండా పెట్టు, ఇంటిపేరు సంగతి ఎవడైనా ఎత్తితే నువ్వు మాట్లాడకు, నేను అడుగుతాను, "శీను ఏమన్నాడో ముందు చెప్పు" అని.

పిన్నిగారికి నమస్కారాలు చెప్పు.

నీ
రమణ