నలభై కార్డులు మొదలుపెట్టే ముందు

బుజ్జితల్లీ,

నువ్వు పంపిన నాలుగు కార్డుల ఫోటోలు పెద్దవి చేసి చూశాను. అచ్చులు వేసే స్టాంపులు బాగాలేవేమో, కొత్త సెట్టు కొననా అని అడిగావు. కొనకు. ఆ నాలుగింటిలోనూ స్టాంపు తప్పు ఒక్కటీ లేదు. ఇంకుకీ కాగితానికీ పొత్తు కుదరలేదు, అంతే. ఉగాదికి 40 కార్డులు చెయ్యాలనుకుంటున్నావు కాబట్టి ఈ ఉత్తరం పక్కన పెట్టుకుని పని మొదలుపెట్టు.

మొదటి కార్డులో పువ్వు మధ్యలో తెల్లటి చుక్కలు చుక్కలుగా ఖాళీలున్నాయి. నువ్వు వాడింది చేతితో చేసిన పత్తి కాగితం. దాని ఒళ్ళంతా గుంటలూ మిట్టలే. స్టాంపు మిట్టలకే తగులుతుంది, గుంటల్లో ఇంకు దిగదు. ఎంత గట్టిగా నొక్కినా గీతలు లావెక్కుతాయి తప్ప గుంటలు నిండవు. ఆ కాగితం మీద మోజుంటే కార్డు అడుగుకి వాడుకో. అచ్చు మాత్రం నున్నటి తెల్ల కాగితం మీద వేసి, కత్తిరించి, దాని మీద అతికించు.

రెండో దాంట్లో నల్ల గీత అంచులు ఈకల్లా పాకాయి. ఆఫీసు ముద్రల ప్యాడు వాడావు కదూ? ఆ ఇంకు ప్యాడులో ఎండిపోకుండా ఉండేలా తయారవుతుంది, అందుకే కాగితం మీద కూడా నెమ్మదిగా ఆరుతూ పోగుల వెంట పాకుతుంది. పైగా వెలుతురు తగిలితే కొన్నాళ్ళకు వెలిసిపోతుంది. కార్డులకు అది పనికిరాదు.

ఇంకుల్లో నీకు ముఖ్యంగా మూడు రకాలు తెలియాలి. డై ఇంకు కాగితంలోకి ఇంకిపోతుంది, త్వరగా ఆరుతుంది, గీతలు సన్నగా పడతాయి. కానీ చాలా డై ఇంకులు నీళ్ళు తగిలితే కారతాయి, ఎండకు రంగు తగ్గుతాయి. పిగ్మెంట్ ఇంకు కాగితం పైనే పొరలా కూర్చుంటుంది. రంగు చిక్కగా ఉంటుంది, ముదురు కాగితం మీద కూడా కనబడుతుంది, ఆరడానికి మాత్రం గంటలు పట్టొచ్చు. నిగనిగలాడే కోటింగు కాగితం మీద వేస్తే చాలాసార్లు ఆరనే ఆరదు, మర్నాడు వేలు పెట్టినా అంటుకుంటుంది. మూడోది సాల్వెంట్ ఇంకు, స్టేజ్‌ఆన్ లాంటిది. గాజు, ప్లాస్టిక్, లోహం మీద కూడా నిలుస్తుంది. అయితే నీ పారదర్శక స్టాంపుల మీద దాన్ని తరచు వాడకు. దాన్ని తుడిచే ద్రావకం ఆ మెత్తటి పాలిమర్‌ని పాడుచేస్తుంది. ఎర్ర రబ్బరు స్టాంపుకైతే భయం లేదు.

మూడో కార్డులో నువ్వు పడ్డ తంటా అసలు ఇదే. నల్ల గీత వేసి లోపల వాటర్‌కలర్ నింపావు, నలుపు కరిగి పచ్చ రంగంతా బూడిదైపోయింది. సూత్రం చిన్నది: నీళ్ళ రంగులతో నింపాలంటే గీత నీటికి కరగని ఇంకుతో పడాలి, స్పిరిటు మార్కర్లతో నింపాలంటే స్పిరిటుకు కరగని ఇంకుతో పడాలి. రేంజర్ వాళ్ళ ఆర్కైవల్, సుకినేకో వాళ్ళ వర్సాఫైన్ ఇంకులు ఆరాక నీటికి నిలుస్తాయి. మార్కర్లకు మెమెంటో ఇంకు సరిపోతుంది. స్టేజ్‌ఆన్ మీద మార్కరు తగిలిందా, గీత చెదిరిపోతుంది. డబ్బా మీద రాసింది నమ్మి నేరుగా కార్డు మీదకి వెళ్ళకు. అదే కాగితం ముక్క మీద అచ్చు వేసి, 10 నిమిషాలాగి, తడి బ్రష్షుతోనో మార్కరుతోనో నాలుగుసార్లు రుద్ది చూడు. నలభై కార్డులు దక్కేది ఆ ముక్క దగ్గరే.

ఇక ఆ బంగారు అక్షరాల కార్డు. జిగురు ఇంకు మీద ఎంబాసింగు పొడి చల్లి, వేడికి కరిగించి ఉబ్బించావు కదా. అక్షరాలు బాగా లేచాయి, చుట్టూ మాత్రం బంగారు ఇసుక చల్లినట్టుంది. కాగితం మీద చెమ్మా, వేళ్ళ నూనే, స్థిరవిద్యుత్తూ ఉంటే పొడి అన్నిచోట్లా అంటుకుంటుంది. పల్చటి బట్టలో టాల్కం పౌడరు మూటకట్టి, అచ్చు వేసే ముందే కాగితమంతా మెత్తగా అద్దు. ముసురు పట్టిన రోజైతే అంతకుముందే వేడిగాలి కొట్టే హీట్ గన్‌తో రెండు మూడు సెకన్లు కాగితాన్ని ఆరబెట్టు. అప్పుడు వర్సామార్క్ లాంటి జిగురు ఇంకుతో అచ్చు వేసి, పొడిని చాలీచాలనట్టు కాకుండా ఎక్కువగానే గుమ్మరించు. వెనక నుంచి వేలితో తట్టి, మిగిలింది మడతపెట్టిన కాగితం మీదుగా డబ్బాలోకి పోసెయ్యి. అటూ ఇటూ మిగిలిన రేణువుల్ని సన్నటి పొడి బ్రష్షుతో తీసెయ్యి. వేడి తగిలాక తీయాలన్నా రావు.

హీట్ గన్‌ని ముందు పక్కకు తిప్పి ఓ 10 సెకన్లు ఆన్ చేసి ఉంచు. చల్లగా ఉన్నప్పుడే కార్డు మీదకి తెస్తే గాలి పొడిని ఎగరగొడుతుంది. వేడెక్కాక 5 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని ఒక చివర నుంచి మొదలుపెట్టు. గరుకుగా ఉన్న పొడి ఒక్కసారిగా కరిగి మెరుస్తుంది, ఆ క్షణమే పక్కకు జరిగిపో. ఇంకాస్త మెరుస్తుందేమోనని అక్కడే ఉంటే పొడి కాగితంలోకి దిగిపోయి, చదునై, చుట్టూ నూనె మరకలా కనబడుతుంది. వేడి చాలకపోతే నారింజ తొక్కలా గుంటలు మిగులుతాయి, దానికి మందుంది, మళ్ళీ వేడి చూపిస్తే చాలు. మాడిన దానికి మాత్రం మందు లేదు. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో ఈ పని కాదు, దానికి గాలి ఎక్కువ, వేడి తక్కువ. కార్డుని వేళ్ళతో కాక బట్టల క్లిప్పుతో పట్టుకో, కింద పాత టైలు ముక్క పెట్టుకో.

నీ పారదర్శక స్టాంపుల మీద ఇంకు పూసలు పూసలుగా విడిపోతోందని రాశావు. కొత్త వాటికి అది మామూలే, తయారీలో మిగిలిన జిడ్డు పొర అది. తెల్ల ఎరేజరుతో పైపైన రెండుసార్లు రుద్ది, సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టు. ఇంకు పెట్టేటప్పుడు స్టాంపుని ప్యాడులోకి గుచ్చకు. స్టాంపుని వెల్లకిలా పట్టుకుని, ప్యాడుతో దాని మీద తడుతూ పో. అంచులకు ఇంకు అంటి నీడలా పడటం దాంతోనే సగం తగ్గుతుంది.

నొక్కడంలో చాలామంది పట్టించుకోని తేడా ఒకటుంది. చెక్క పిడి ఉన్న రబ్బరు స్టాంపులో రబ్బరుకీ చెక్కకీ మధ్య స్పాంజి ఉంటుంది, దానికి గట్టి బల్ల చాలు. అక్రిలిక్ దిమ్మ మీద అతికించే స్టాంపుకి ఆ స్పాంజి ఉండదు కాబట్టి కార్డు కింద మౌస్ ప్యాడో, పల్చటి ఫోమ్ షీటో వెయ్యి. పెడనలో కలంకారీ అద్దేవాళ్ళ బల్ల మీద మెత్తటి పరుపు ఉండేదీ అందుకే, గట్టి టేకు అచ్చు కింద ఏదో ఒకటి లొంగాలి. అచ్చుని నిటారుగా దించి, అరచేత్తో మధ్యలోనూ నాలుగు మూలలా ఒత్తి, రెండు సెకన్లు ఆగి, నిటారుగా ఎత్తు. ఊపకూడదు. ఊపితే అంచులు కూడా ముద్ర పడతాయి.

మామిడాకు స్టాంపు కోసం షాపులు వెతకొద్దు, ఎరేజరు మీద చెక్కెయ్యి. పెద్ద తెల్ల వినైల్ ఎరేజరు తీసుకుని సబ్బుతో కడుగు. 4బి పెన్సిలుతో బటర్ పేపరు మీద ఆకు గీసి, దాన్ని బోర్లించి ఎరేజరు మీద స్పూను వెనకతో రుద్దు. బొమ్మ తిరగబడి దిగుతుంది, అచ్చులో మళ్ళీ తిన్నగా పడుతుంది. వీ ఆకారపు చిన్న ఉలితో ఈనెల్ని 1 మిల్లీమీటరు, ఆకు చుట్టూ ఖాళీని 3 మిల్లీమీటర్ల లోతు తీసెయ్యి. వంపుల దగ్గర ఉలిని కాదు, ఎరేజరుని తిప్పు. పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ ఉలి వెనకే ఉండాలి. కోత ఆకు నుంచి బయటికి వాలుగా ఉండాలి, గోడ లోపలికి తొలిచావంటే నొక్కినప్పుడు అంచు కుంగి గీత వంకరపోతుంది. దాచేటప్పుడు కాగితంలో చుట్టు. ప్లాస్టిక్ డబ్బాలో వదిలేస్తే వినైల్‌లోని మెత్తబరిచే పదార్థం డబ్బాకి అంటి, రెండూ పాడవుతాయి.

ఆ ఒక్క ఆకుతోనే తోరణం కట్టొచ్చు. ఆకుపచ్చ డై ఇంకుతో ఒకసారి నిండుగా వెయ్యి, మళ్ళీ ఇంకు పెట్టకుండా పక్కనే ఇంకోసారి వెయ్యి, రెండోది లేతగా పడి వెనకున్న ఆకులా కనబడుతుంది. ముందున్న ఆకుల్నే మొదట వెయ్యాలి. వాటి మీద స్టిక్కీ నోటు కాగితంతో కత్తిరించిన ఆకు కప్పి, లేత ఆకుని దాని మీదకి ఎక్కేలా వెయ్యి. కప్పే ఆకుని గీత మీదుగానో, వెంట్రుకవాసి లోపలికో కత్తిరించు. బయటికి వదిలావంటే రెండు ఆకుల మధ్య తెల్ల సందు మిగులుతుంది.

అక్షరాలు మాత్రం చెక్కకు. ‘శుభాకాంక్షలు’లో ‘క్ష’ దగ్గర ఉన్న చిన్న చిన్న సందులు ఎరేజరు మీద నిలవవు. రబ్బరు స్టాంపులు చేసే షాపులో చేయించు. రామభద్ర లాంటి లావు ఫాంటు వాడు, అక్షరం ఎత్తు 7 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకు. పదాలు టైపు చేసి వాట్సాప్‌లో పంపొద్దు. పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ ఒత్తులు విడిపోయి ‘క్‌ష’ అని వస్తాయి, షాపులో ఎవరూ గమనించకపోవచ్చు. నువ్వే పీడీఎఫ్ చేసి ఇచ్చి, చెయ్యబోయే ముందు నమూనా అడిగి అక్షరం అక్షరం చూసుకో.

కాగితం లెక్క: 300 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) ఏ4 షీటుని అడ్డంగా సగానికి కోస్తే 210 బై 148 మిల్లీమీటర్ల ముక్కలు రెండు వస్తాయి. ఒక్కోదాన్ని 105 దగ్గర మడిస్తే కార్డు, సీ6 కవరులో సరిగ్గా పడుతుంది. అంటే 20 షీట్లు, చెడిపోయే వాటికి ఇంకో రెండు. అచ్చులన్నీ కార్డు మీద కాకుండా 200 జీఎస్ఎం కాగితం మీద, 95 బై 138 ముక్కల మీద వెయ్యి. ఏ4కి నాలుగు ముక్కలొస్తాయి. ఒక అచ్చు చెడితే ముక్కే పోతుంది, కార్డు మిగులుతుంది. ఇవి 14 షీట్లు కొను, మొదటి పది ముక్కలూ చేతికి అలవాటయ్యేలోపే పోతాయి.

కోసే ముందు షీటుని మడత పడకుండా రెండు వైపులా వంచి చూడు. ఎటు సులువుగా వంగితే మడత గీత అటే ఉండాలి, లేకపోతే మడత మీద కాగితం పగిలి తెల్లటి నార బయటపడుతుంది. మామూలుగా ఏ4లో పోగు పొడుగు వెంట ఉంటుంది, నేను చెప్పిన కోతకు అది సరిపోతుంది. పోగు అడ్డంగా ఉన్న షీటు దొరికితే నిలువునా 105 వెడల్పు పట్టీలు కోసి 148 దగ్గర మడువు, కార్డు పైకి తెరుచుకుంటుంది. మడతకు ముందు ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పెట్టి గాడి గియ్యి. ఆ గాడి కార్డుకి బయటివైపు రావాలి, ఉబ్బు లోపలికి.

అతికించడానికి రెండువైపులా అంటే టేపు వాడు. తెల్లజిగురు దట్టంగా రాస్తే తడికి కాగితం అలలు తిరుగుతుంది. ఫోమ్ టేపు ఒక్క వరసకు మించి వెయ్యకు, తపాలాలో ముద్ర కొట్టే చోట ఎత్తైన భాగమే నలుగుతుంది. ఒక్కో కార్డు అడుగు 9 గ్రాములకు పైనే తూగుతుంది, మీద ముక్క ఇంకో రెండున్నర గ్రాములు చిల్లర. తపాలా ఖర్చు పెరగకుండా, కవరుతో కలిపి 20 గ్రాములు దాటకుండా ఒకటి తూచి చూసుకున్నాకే మిగతా ముప్ఫైతొమ్మిదీ మూసెయ్యి.

ఆకు చెక్కాక తొలి అచ్చు ఏ పాత కాగితం మీద వేసినా సరే, ఫోటో పంపు. ఈనెలు ఎంత లోతు దిగాయో చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
అమ్మ