పిల్లుల గిన్నె, చిరుత బోను: కర్ణాటక అటవీ శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

బెంగళూరు దక్షిణాన బన్నేరుఘట్ట అడవి అంచు లేఅవుట్లలో వీధి పిల్లులను సాకుతున్న కొందరు తెలుగువాళ్ల తరఫున ఈ లేఖ రాస్తున్నాను. కన్నడ ప్రతిని తమ కార్యాలయానికి విడిగా పంపుతున్నాము. చిరుత కనిపించిందన్న కబురు వాట్సాప్‌లో రాగానే మా కాలనీల్లో రెండు మాటలు వినిపిస్తాయి: బోను పెట్టించండి, పిల్లులకు తిండి పెట్టేవాళ్లను ఆపించండి. ఈ రెండింటికీ బదులుగా, అడవి అంచున తిండి పెట్టే వేళనూ చోటునూ తమ శాఖ కూడా కలిసి నిర్ణయించాలన్నదే మా విన్నపం.

బోను సంగతి మహారాష్ట్ర ముందే చూసింది. పుణే జిల్లా జున్నర్ ప్రాంతంలో చిరుతలను పట్టి వేరేచోట వదలడం మొదలుపెట్టాక మనుషులపై దాడులు ఏడాదికి సగటున 4 నుంచి 17కు పెరిగాయని వన్యప్రాణి పరిశోధకురాలు విద్యా ఆత్రేయ బృందం 2011లో ప్రచురించింది. మన నగరంలోనే 2023 నవంబరులో కూడ్లు గేటు దగ్గర తిరిగిన చిరుత, పట్టుకునే ప్రయత్నంలోనే ప్రాణం పోగొట్టుకుంది.

అలాగని మా మీద వచ్చే ఫిర్యాదులో నిజం లేదని అనను. అదే పరిశోధకురాలి బృందం మహారాష్ట్రలోనే అకోలే ప్రాంతంలో చిరుతల ఆహారాన్ని పరిశీలించినప్పుడు, అందులో బరువు లెక్కన 39 శాతం కుక్కలు, 15 శాతం పిల్లులు ఉన్నాయని, అక్కడ కుక్కల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్న మేకల వాటా 11 శాతమేనని తేలింది. చీకటి పడ్డాక గోడ పక్కన వదిలేసిన చేప తలల కోసం పిల్లులే కాదు, కుక్కలూ పందికొక్కులూ పునుగు పిల్లులూ చేరతాయి, వాటి వెనుక చిరుత రావడంలో వింతేమీ లేదు. (ఖాళీ సైట్లలో రాత్రికి రాత్రి పారబోసే కోడి వ్యర్థాల ముందు మా గిన్నెలో మిగిలే మెతుకులు ఎంతని అడగాలని ఉంటుంది గానీ, ఒకరి తప్పు చూపి మరొకరు తప్పించుకోలేరు.)

అయితే తిండి మాన్పిస్తే పిల్లులు మాయమైపోవు, చెత్తకుప్పలకు చెదిరిపోతాయి, అంతే. రోజూ ఒకే వేళకు ఒకే చోటికి వచ్చే పిల్లినే పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, గుర్తుగా చెవి కొస కత్తిరించి వదలగలం. కడుపు నిండిన పిల్లి కూడా ఉడుతనూ తొండనూ పిట్టనూ వేటాడుతుంది కనుక, పిల్లుల సంఖ్య తగ్గడం అడవికీ అవసరమే. టీకాలు అంతకంటే ముఖ్యం. 2023 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బన్నేరుఘట్ట జీవ ఉద్యానంలో ఏడు చిరుత కూనలను బలిగొన్న, పిల్లి జాతి జంతువులకు సోకే పాన్‌ల్యూకోపీనియా వైరస్, వీధి పిల్లి కూనలనూ చంపేదే. అక్కడికి అది వీధి పిల్లుల నుంచే చేరిందని నేను అనడం లేదు. అడవి అంచు పిల్లులకు టీకా వేస్తే రెండు వైపులా మేలని మాత్రం అంటున్నాను.

2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు, వీధి జంతువులకు తిండి పెట్టే చోటునూ వేళనూ పిల్లలు ఆడుకునే స్థలాలకూ రాకపోకల దారులకూ దూరంగా ఏర్పాటు చేసే బాధ్యతను నివాసుల సంఘాలకు అప్పగించాయి. అడవి పక్కన ఉన్న వార్డుల్లో ఆ నిర్ణయంలో తమ శాఖ రేంజ్ అధికారి కూడా పాలుపంచుకునేలా తాము ఒక సర్క్యులర్ జారీ చేయాలి. వెలుతురు ఉండగానే తిండి పెట్టి, పొద్దుగూకే లోపు గిన్నెలు తీసేయాలన్నది అందులో మొదటి షరతు కావాలి. ఆపరేషన్లకూ టీకాలకూ నగరపాలక సంస్థ బండ్లు ముందుగా ఈ వార్డులకే వచ్చేలా తాము ఆ సంస్థతో మాట్లాడాలి. ఇప్పుడు పిల్లుల గురించి అడిగితే ఒక కార్యాలయం, చిరుత గురించి అడిగితే మరొకటి తమ పరిధి కాదంటున్నాయి.

రేంజ్ అధికారి సమక్షంలో ఒక సమావేశం ఏర్పాటు చేయిస్తే, మేము తిండి పెట్టే చోట్ల జాబితాతో, ఆపరేషన్ అయిన పిల్లుల వివరాలతో హాజరవుతాము. గోడ పక్కన వద్దని అధికారి చెప్పిన చోట ఆ రోజు నుంచే మానేస్తాము.

భవదీయురాలు,
బన్నేరుఘట్ట రోడ్డు నివాసి, బెంగళూరు