మీగడ పలచబడింది నిజమే, నీళ్ళు మాత్రం కలపలేదు

ఎంవీపీ కాలనీ, ఇసుకతోట, వెంకోజీపాలెం వైపు మా దగ్గర పాలు పోయించుకునే అందరికీ నమస్కారం. మూడు వారాలుగా మీగడ కట్టడం లేదని మీలో చాలామంది అన్నారు. నిజమే. ఒకావిడ గేటు దగ్గర మా కుర్రాడితో "నీళ్ళు కలుపుతున్నారా బాబూ" అన్నారట. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

నీళ్ళు కలిస్తే వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (అంటే పాలల్లో వెన్న, నీళ్ళు పోను మిగిలే గట్టి పదార్థం శాతం) రెండూ పడిపోతాయి. మా పాలు పరీక్ష చేయిస్తే వెన్న 4.2 నుంచి 3.4కి దిగింది, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.6 దగ్గరే ఉంది. పాల చిక్కదనం చూసే లాక్టోమీటర్ అయితే కాస్త పైకే చూపించింది, కొవ్వు తేలిక కదా, అది తగ్గితే మీటరు పాలు చిక్కగా ఉన్నాయనుకుంటుంది.

తేడా దాణాలో వచ్చింది. మేం పెట్టే గింజ మొక్కజొన్న, బరకగా ఆడించింది. దాని రేటు పెరిగిందని దాణా కొట్టతను నాకు మాటైనా చెప్పకుండా మొక్కజొన్న సగానికి పైగా తీసేసి, దాని బదులు పాడైన గోధుమలు మెత్తటి పిండి చేసి కలిపేశాడు. బస్తా అదే, రేటు అదే. గోధుమ చెడ్డ గింజేం కాదు, కొలత చూసి మెల్లగా అలవాటు చేస్తే ఆవు తింటుంది. కానీ ఆవు పొట్టలో అది మొక్కజొన్న కంటే చాలా తొందరగా పులుస్తుంది, మెత్తగా ఆడిస్తే మరీను. ఆ పులుపుకి గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు డీలా పడతాయి, పాలల్లో వెన్నకి కావాల్సిన సరుకులో పెద్ద వాటా వచ్చేది ఆ గడ్డి అరుగుదల నుంచే. అందుకే పాలు లీటరు కూడా తగ్గలేదు, వెన్న మాత్రం పోయింది.

నేను ముందే కనిపెట్టాల్సింది. మధ్యాహ్నం పడుకున్న ఆవులు నెమరు వేయకుండా ఊరికే చూస్తున్నాయి, పేడ జారుగా, మెరుస్తూ, బుడగలతో పడుతోంది. మా ఆవిడ రెండుసార్లు చెప్పింది. ఎండలకేమోలే అన్నాను.

అడిగితే ఆ కొట్టతను "ఆవు పాలకి వెన్న 3.2 ఉంటే చాలు కదా" అన్నాడు. రూల్ ప్రకారం చాలు, ఒప్పుకుంటా. నాకు చాలదు. పక్క పాకాయన ఇంకో ఉపాయం చెప్పాడు, కాసిని గేదె పాలు కలిపేయ్, మీగడ అదే వస్తుంది, ఎవరికి తెలుస్తుంది అని. రెండు రాత్రులు నిద్ర లేదు. అబద్ధమెందుకు, ఒక సాయంత్రం అందుకోసం క్యాన్ కూడా కడిగి పెట్టాను. ఆవు పాలని నమ్మి పసిపిల్లలకి పడుతున్నారు మీరు. తెల్లారి ఆ క్యాన్ బోర్లించేశాను.

దాణా మెల్లగా మార్చాలి కాబట్టి నాలుగు బస్తాలు ఉంచుకుని, మిగతా 22 అతని కొట్టు ముందు దించి వచ్చాను. డబ్బు ఇవ్వనన్నాడు. ఇవ్వకపోతే పోనీ, ఆ గుమ్మం మళ్ళీ తొక్కను.

ఇప్పుడు మొక్కజొన్న విజయనగరం వైపు రైతు దగ్గర నేరుగా కొని, మిల్లులో నా ఎదురుగానే ఆడిస్తున్నాను. తవుడు, వేరుశనగ చెక్క మామూలే. దాణాకి ముందు ఎండుగడ్డి వేస్తున్నాం. మీగడ మునుపటిలా కట్టడానికి రెండు వారాలు పట్టొచ్చు, అప్పటిదాకా లీటరుకి 6 రూపాయలు తగ్గించి లెక్క కడతాను. మానేస్తామంటే అడ్వాన్స్ తిరిగి ఇచ్చేస్తాను. కుర్రాడిని మాత్రం ఏమీ అనకండి, అడిగేది నన్నే అడగండి. నమ్మకం లేకపోతే ఆదివారం పొద్దున్నే పెందుర్తి దగ్గర మా పాకకి రండి, దాణా బస్తా మీ చేత్తోనే విప్పి చూసుకోండి.