శాన్ ఫ్రాన్సిస్కో పేటల గురించి మిత్రుడికి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. శాన్ ఫ్రాన్సిస్కోలో అన్ని జాతులవారూ కలిసిమెలిసి ఉంటారట, నిజమేనా అని అడిగావు. 2020 జనాభా లెక్కల ప్రకారం నగరంలోని సుమారు 8.74 లక్షల మందిలో శ్వేతజాతీయులు నూటికి 39 మంది, ఆసియా సంతతివారు 34 మంది, లాటినోలు (లాటిన్ అమెరికా సంతతివారు) 15 మందికి పైగా, నల్లజాతీయులు 5 మంది. ఏ ఒక్క జాతివారూ సగానికి రాని ఊరు అన్నమాట. అయితే 1970లో నల్లజాతీయులు నూటికి 13 మంది ఉండేవారు. వారు ఏమైపోయారో చెప్పనిదే నీ ప్రశ్నకు జవాబు పూర్తికాదు.

ఫిల్‌మోర్ పేటనే తీసుకో. 1942లో అమెరికా ప్రభుత్వం జపాన్ సంతతివారిని నిర్బంధ శిబిరాలకు తరలించినప్పుడు అక్కడ వారి ఇళ్లు ఖాళీ అయ్యాయి. ఓడల కర్మాగారాలలో పని కోసం లూసియానా, టెక్సస్‌ల నుంచి వచ్చిన నల్లజాతి కుటుంబాలకు మిగతా పేటలలో ఇల్లు దొరకకపోవడంతో, ఆ ఇళ్లలోనే దిగాయి. జాజ్ సంగీతంతో ఆ వీధి మారుమోగింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొన్నేళ్లకే నగర పునర్నిర్మాణం పేరిట అధికారులు ఆ ఇళ్లను కూలగొట్టి, గియరీ వీధిని వెడల్పు చేశారు. వేల కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. తిరిగి వచ్చేటప్పుడు ప్రాధాన్యమిస్తామని చేతికి పత్రాలిచ్చారు గాని, వాటిని పట్టుకుని తిరిగి రాగలిగినవారు కొద్దిమందే. ఈనాడు ఫిల్‌మోర్ వీధిలో గియరీ దాటే చోట నిలబడితే, ఒకప్పుడు ఇళ్లూ దుకాణాలూ ఉన్న నేలను తవ్వి వేసిన దారిలో కార్లు కాళ్ల కింద నుంచి దూసుకుపోతూ కనిపిస్తాయి.

డబ్బున్నా నల్లజాతివారికి ఇల్లు దక్కేది కాదు. 1957లో విల్లీ మేస్ అంతటి బేస్‌బాల్ ఆటగాడు ఇల్లు కొనబోతే, ఇరుగుపొరుగువారి ఒత్తిడికి లొంగి యజమాని మొదట అమ్మనన్నాడు. వార్త గుప్పుమన్నాక, నగర మేయరే కల్పించుకున్న తర్వాత గాని బేరం కుదరలేదు.

చైనాటౌన్ కథ వేరు. 1906 భూకంపం తర్వాత చైనీయులను ఊరి చివరకు పంపాలని నగర పెద్దలు గట్టిగా ప్రయత్నించినా, అక్కడి వ్యాపారులు పట్టు విడవకుండా పాత చోటనే మళ్లీ కట్టుకున్నారు. చాలా భవనాలు ఇప్పటికీ వారి కుటుంబ సంఘాల చేతిలోనే ఉన్నాయి. స్టాక్‌టన్ వీధిలో ఉదయం పూట ముసలమ్మలు ఆకుకూర కట్టలను తిరగేసి మరీ బేరమాడుతుంటే, ఆ పేట ఇంకా అక్కడ బతికేవారిదేనని తెలిసిపోతుంది. నేల ఎవరి చేతిలో ఉందన్నదే ఈ రెండు పేటల తేడా అని నా నమ్మకం.

మన తెలుగువారు ఎక్కువగా నగరం బయట ఫ్రీమాంట్, సన్నీవేల్ ఊళ్ల వైపు ఉంటారు. 1965 వలస చట్టం మనకు తలుపు తెరిచింది. జాతి పేరు చెప్పి ఇల్లు నిరాకరించడాన్ని 1968 చట్టం నిషేధించింది. ఆ హక్కుల కోసం లాఠీలకూ జైళ్లకూ వెరవక ముందు నడిచినవారు నల్లజాతివారు. వారే ఈ నగరంలో నిలువ నీడ లేక తరలిపోతుండటం నాకు మింగుడు పడటం లేదు.

ఇట్లు,
నీ మిత్రుడు