రెండో గట్టును సైకిలుకు వదలండి

సంపాదకులకు,

గోదావరి డెల్టా కాలవ గట్లకు తారు రోడ్లు వేస్తే పర్యాటకం పెరుగుతుందని, సైకిలు మీద తిరిగేవాళ్లూ వస్తారని తరచూ వినిపిస్తోంది. తారు వేస్తే వచ్చేవి కార్లు. హైవే మీద టోలూ రద్దీ తప్పించుకోవాలనుకునే ప్రతి బండీ గట్టెక్కుతుంది. రాజమహేంద్రవరం–కాకినాడ కెనాల్ రోడ్డు మీద ఒక్కసారి సైకిలు తొక్కినవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక పక్క లారీ, ఇంకో పక్క నిండు కాలవ, మధ్యలో రెండు జానల మట్టి అంచు.

పెద్ద కాలవలకు గట్లు రెండు. చాలాచోట్ల ఒకదాని మీద ఇప్పటికే రోడ్డు ఉంది, దాన్ని ఎవరూ వెనక్కి అడగడం లేదు. ఎదుటి గట్టు మట్టిదారిగా మిగిలిన చోట దాన్ని అలాగే ఉంచి, నడిచేవాళ్లకూ సైకిళ్లకూ కేటాయించాలన్నదే ఈ ఉత్తరం సారాంశం.

అసలు ఆ గట్ల మీద మొదటి నుంచీ మనిషి నడక ఉంది. 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేయించినప్పుడు కాలవలు తవ్వింది పొలాల తడికి మాత్రమే కాదు, పడవలకు కూడా. అందుకే దారి పొడవునా లాకులు, అంటే పడవలను ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే గేట్లు. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్లు, లేకుంటే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవాళ్లు. ఆ తాడు ఎక్కడా తెగకుండా సాగాలంటే గట్టు ఎగుడుదిగుడు లేకుండా, లాకు నుంచి లాకు దాకా ఏకంగా ఉండాలి. సైకిలుకూ కావలసింది అదే. ఐరోపాలో డాన్యూబ్ ఒడ్డున గుర్రాలు పడవలు లాగిన దారే ఇవాళ పాసావు నుంచి వియన్నా దాకా మూడు వందల పైచిలుకు కిలోమీటర్ల సైకిలు బాట. అమెరికాలో వాషింగ్టన్ నుంచి కంబర్లాండ్ దాకా సీ అండ్ ఓ కాలవ గట్టు 297 కిలోమీటర్లు, ఒకప్పుడు కంచరగాడిదలు నడిచిన దారి. అక్కడి నుంచి పిట్స్‌బర్గ్ దాకా పాత రైలు కట్టల మీద ఇంకో 240 కిలోమీటర్లు. ఆ రెండో బాటలో ఎక్కువ భాగానికి వేసింది తారు కాదు, నలిపిన సున్నపురాయి. సన్న టైరు లేని సైకిలు ఏదైనా దాని మీద హాయిగా పోతుంది.

ఇప్పుడున్న స్థితిలోనే మన గట్ల మీద తిరగాలనుకునేవాళ్లకు కొన్ని వివరాలు. మొదలుపెట్టడానికి ధవళేశ్వరాన్ని మించిన చోటు లేదు. నాలుగు భాగాలుగా ఉన్న బ్యారేజీ, 175 గేట్లు, మధ్యలో లంకలు దాటితే బొబ్బర్లంక. మధ్య డెల్టా కాలవ తల అక్కడే. ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకుల దాకా కాలవను వదలకుండా పోవచ్చు. లొల్ల దగ్గర అది అమలాపురం కాలవగా, గన్నవరం కాలవగా చీలుతుంది. గన్నవరం కాలవ వెంట పోతే పి.గన్నవరం దగ్గర కాలవే వైనతేయ పాయను దాటే అక్విడక్టు వస్తుంది. పాతది 1850ల నాటిది, కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. దారి పట్టడానికి సూత్రం ఒక్కటే: రోడ్డు ఏ గట్టున ఉంటే దాని ఎదురు గట్టు. మారాలంటే లాకు దగ్గరో వంతెన దగ్గరో మారాలి. మధ్యలో తూముల మీద వేసిన కొబ్బరి దుంగల మీదుగా సైకిలు ఎత్తుకు పోవాలని చూడొద్దు. అవి ఒక మనిషి బరువుకు వేసుకున్నవి. శనివారం మాత్రం ఆత్రేయపురం వైపు రావద్దు. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకున్న జనంతో ఆ రోజు గట్లన్నీ బండ్లే.

పాయలు దాటడానికి హైవే వంతెనల కన్నా పంట్లే, అంటే మనుషులనూ బండ్లనూ ఏరు దాటించే పెద్ద పడవలే మేలు. కోటిపల్లి–ముక్తేశ్వరం మధ్య గౌతమి మీద, నరసాపురం–సఖినేటిపల్లి మధ్య వసిష్ఠ మీద. రేవులో దిగే ర్యాంపు అడుగు భాగం ఎప్పుడూ నాచుపట్టి ఉంటుంది. సైకిలు దిగి, వెనక బ్రేకు సగం పట్టి, ఒక పక్కగా నడిపించుకు వెళ్లాలి. ముందు బ్రేకు పట్టారో చక్రం జారి సామానుతో సహా పడతారు. పంటులో సైకిలును స్టాండు మీద వదలకుండా అంచు కమ్మీకి కట్టేయాలి. వరద రోజుల్లో పంటు కదలదు, కాబట్టి జులై నుంచి సెప్టెంబరు దాకా ముందు నీటిమట్టం చూసుకోవాలి. భద్రాచలంలో 43 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటిది, 13.75కు రెండోది, 17.75కు మూడోది. భద్రాచలంలో నీరు పెరుగుతోందని వార్త వస్తే ఏటిగట్టు ప్రయాణం మానుకోవడమే. ఆ రోజుల్లో గట్టు మీద ఇసుక బస్తాలతో కాపలా కాసేవాళ్లకు అడ్డం వెళ్లకూడదు కూడా.

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అయితే అదే సార్వా, అంటే వానాకాలపు వరి, కోతల కాలం. గట్టు మీద కాస్త చదునైన జాగా కనబడితే ధాన్యం ఆరబోస్తారు, అంచున రాళ్లు పెడతారు. ధాన్యం మీదుగా తొక్కడం మర్యాద కాదు సరికదా, ప్రమాదం. గింజలు చక్రం కింద గోలీల్లా దొర్లుతాయి. దిగి, పక్కన నడిపించుకు పోవాలి. ఏప్రిల్లో దాళ్వా, అంటే రెండో పంట, ధాన్యంతో మళ్లీ ఇదే కథ. ఆ తర్వాత కాలవలు కట్టేస్తారు, అంటే నీళ్లు ఆపేస్తారు. పూడిక తీసిన మట్టినీ, గుర్రపుడెక్కనూ తెచ్చి గట్టు మీదే పోస్తారు. ఎండిన గుర్రపుడెక్క చూడ్డానికి గడ్డిలా ఉంటుంది, కింద మాత్రం అరటితొక్కే.

గాలి లెక్క తెలియక చాలామంది అలసిపోతారు. డెల్టా బల్లపరుపు, ఎక్కుడు దిగుడు ఉండేది వంతెనల దగ్గరే. కానీ మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి ఎదురుకొడితే ఆ బల్లపరుపు నేల కొండ ఎక్కినంత పని పెడుతుంది. తెల్లవారుజామున సముద్రం వైపు వెళ్లి, మధ్యాహ్నం ఎగువకు తిరిగి వస్తే అదే గాలి వెనక నుంచి తోస్తుంది. మట్టి గట్టు మీద గంటకు 10, 12 కిలోమీటర్లకు మించి లెక్క వేయొద్దు, రోజుకు 50 చాలు. సంక్రాంతి ముందు మంచు దట్టంగా పడే ఉదయాల్లో ఎనిమిదయ్యే దాకా ఆగాలి. మంచులో కాలవ నీళ్లూ మట్టిదారీ ఒకే రంగులో కనిపిస్తాయి.

టైరు వెడల్పు 35 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 40 అయితే సుఖం. డెబ్బై కిలోల మనిషి, పది కిలోల సామాను ఉంటే 40 మిల్లీమీటర్ల టైరుకు వెనక 45, ముందు 40 పీఎస్‌ఐ గాలి సరిపోతుంది. రాయిలా గట్టిగా కొడితే చెయ్యి తిమ్మిరెక్కుతుంది, సైకిలు కంకర మీద ఎగిరెగిరి పడుతుంది. పాత 28 అంగుళాల పాలకేన్ల సైకిలు ఈ గట్ల మీద ఖరీదైన గేర్ల సైకిలుకు ఏమీ తీసిపోదు. పైగా ఏ ఊళ్లో ఆగినా దానికి సామాను దొరుకుతుంది. గేర్ల సైకిలు వాళ్లు ట్యూబులు రెండు వెంట తెచ్చుకోవాలి. సన్నటి ఫ్రెంచి వాల్వు ఉన్న ట్యూబుకు పల్లెలో పంపు పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరు జేబులో ఉంటే ఆ బాధ తప్పుతుంది.

పంక్చర్లకు ఇక్కడ మూల కారణం పల్లేరుకాయ, తర్వాత తుమ్మముల్లు. గట్టు అంచున పసుపు పూల తీగ నేలకు పరుచుకుని కనిపిస్తే అక్కడ సైకిలు ఆపొద్దు, పడుకోబెట్టొద్దు. ట్యూబుకు అతుకు వేసి సంబరపడేలోపే మళ్లీ గాలి పోతోందంటే ముల్లు టైరులోనే ఉందని అర్థం. టైరు లోపల చుట్టూ గుడ్డ పెట్టి తుడవాలి, ఎక్కడ గుడ్డ పట్టుకుంటే అక్కడ ముల్లు. వేలితో వెతికితే వేలికే దిగుతుంది. సొల్యూషన్ రాసిన వెంటనే అతుకు అంటించే తొందర కూడా మామూలే. గరుకు కాగితంతో రుద్ది, పల్చగా రాసి, దాని మెరుపు పోయేదాకా, అంటే అయిదు నిమిషాల దాకా ఆగాలి. లేదంటే మధ్యాహ్నపు ఎండకు అతుకు జరిగిపోతుంది.

వాన పడితే ఒండ్రు మట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య పేరుకుని చక్రాన్ని బిగించేస్తుంది. అప్పుడు బలవంతంగా తొక్కితే గేర్ల సైకిలుకు వెనక గేర్లు మార్చే డిరైలరును పట్టుకునే చిన్న లోహపు ముక్క విరుగుతుంది. అది రాజమహేంద్రవరంలో కూడా అందరి దగ్గరా దొరకదు. కొబ్బరి ఈనెల కట్టతో మట్టి గీకేసి, ఆ రోజుకు తారు రోడ్డు పట్టడమే. నీటి వైపు అంచుకు మీటరు దూరం ఎప్పుడూ ఉండాలి. ఎండ్రకాయలు, ఎలుకలు తవ్విన బొరియల వల్ల పైకి గట్టిగా కనిపించే అంచు లోపల డొల్ల.

ఇక జలవనరుల శాఖ చేయగలిగినది. రెండో గట్టు మీద పాత గ్రావెల్ చదును చేసి, రోలరు తొక్కించి, పైన రెండంగుళాల క్రషర్ డస్టు (రాతి పొడి) తడిపి మళ్లీ తొక్కిస్తే చాలు. వెడల్పు రెండున్నర మీటర్లు. వాలు కాలవ వైపు కాక పొలం వైపు ఉండాలి, మొత్తం వెడల్పుకు అయిదు సెంటీమీటర్లు. కాలవ వైపు వాలితే వాన నీరు లోపలి గట్టును కోస్తుంది. ఆ డస్టు కొంత ఏటా కొట్టుకుపోతుంది, తుపాన్ల కాలం దాటాక డిసెంబరులో పైపూత వేసుకోవాల్సిందే. నీడకు చెట్లు కావాలి గానీ గట్టు నెత్తిన కాదు, వేళ్లు గట్టును వదులు చేస్తాయని ఇంజినీర్లు అనేది నిజమే. బయటి పాదం దగ్గర నాటితే సరిపోతుంది.

గట్టు మొదట్లో స్తంభాలు పాతితే వాటి మధ్య 1.2 మీటర్ల ఖాళీ ఉండాలి. ఆటో వెడల్పు 1.3, కాబట్టి అది దూరదు. సంచులు కట్టిన సైకిలూ, వికలాంగుల మూడు చక్రాల బండీ దూరతాయి. మోటారు సైకిళ్లు కూడా దూరతాయి, దానికి ఏ స్తంభమూ మందు కాదు. వాటిని కూడా ఆపాలని మెలికల కమ్మీలు పెడితే ముందు ఆగిపోయేది ఆ మూడు చక్రాల బండి. రైతు ట్రాక్టరు ధాన్యానికి రావాలి గనుక నడిమి స్తంభం ఊడదీసేదై, తాళంతో ఉండాలి, తాళంచెవి లాకు దగ్గరి లస్కరు, అంటే కాలవ కాపలా ఉద్యోగి, చేతిలో ఉండాలి. స్తంభానికి తెల్ల రంగు, పైన ఎర్ర రిఫ్లెక్టరు. వంతెన దిగే వాలులో మాత్రం పాతొద్దు, కనీసం పది మీటర్లు ఇవతల చదునులో పాతాలి.

ముందు బొబ్బర్లంక నుంచి లొల్ల దాకా ఒక్క ముక్క చేసి చూపండి. కాలవలు కట్టేసే వేసవిలో ఎలాగూ పొక్లెయిన్లు గట్టు మీదికి వస్తాయి. పూడిక మట్టిని రెండో గట్టు నెత్తిన కాకుండా బయటి వాలున పోయమని ఆ పని టెండరులోనే ఒక వాక్యం రాస్తే, సగం పని అక్కడే అయిపోతుంది.

— ఒక పాఠకుడు, కొత్తపేట