షీటు తెరవడానికి కారణం: తండ్రి

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో ఒక వార్త చూశాను. ఓ కాలనీలో తాళం పగలగొట్టి బంగారం పట్టుకుపోయారు. దొంగ ఎవరో తెలీదు, వేలిముద్రలు ఇంకా చూస్తున్నారు. హెడ్డింగ్ మాత్రం ‘స్టువర్టుపురం ముఠా పనేనా?’ చివర ప్రశ్నార్థకం పెట్టాం కదా అని సరిపెట్టుకున్నారేమో. నాలుగు రోజులకు, ఆ ఇంట్లో ఏసీ బిగించిన కుర్రాడు దొరికితే ఆ వార్త లోపలి పేజీలో బొటనవేలంత వచ్చింది. అందులో అతని ఊరు లేదు, కులం లేదు. ఉండాలని కాదు నేననేది. మొదటి వార్తలో ఊరు ఎందుకొచ్చిందనే.

తప్పంతా మీ మీదకు నెట్టడం లేదు. నేను పోలీసు శాఖలో 30 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో సగం కాలం స్టేషన్ రైటర్‌ని, అంటే ఠాణా రికార్డులు రాసేవాణ్ని. మీ విలేకరి చెవిన ఆ మాట వేసింది మావాళ్లే అయ్యుంటారు.

‘కేడీ’ అనే తిట్టు అందరికీ తెలిసిందే. అది మద్రాసు పోలీసుల రిజిస్టర్లలోంచి వీధిలోకొచ్చిన మాట. ‘నోన్ డెప్రిడేటర్’కి, అంటే పోలీసులెరిగిన పాత దొంగకి, పొట్టి పేరు. ఎక్కడైనా ఇల్లు గుల్లయిందంటే మా దగ్గర ముందుగా వినబడేది ‘‘రైటరూ, కేడీల లిస్టు తియ్’’. లిస్టులో ఉన్నవాళ్లను తీసుకొస్తారు. వాళ్లలో ఒకడు దొరికితే లిస్టు గట్టిదన్నమాట. దొరక్కపోతే వాళ్లు ముదుర్లన్నమాట. లిస్టులో లేనివాడి జోలికి ఎవరూ వెళ్లరు గనక వాడెన్ని చేసినా లెక్కలోకి రాడు.

మా స్టేషన్‌కి ఒకాయన వచ్చేవాడు. ఎరుకల తెగ మనిషి, వెదురు దబ్బలతో తట్టలు, చేటలు అల్లేవాడు. ఊళ్లో దొంగతనమైందని తెలిస్తే చాలు, కబురంపకుండానే వచ్చి వేపచెట్టు కింద కూచునేవాడు, పక్కన టిఫిన్ క్యారేజీ పెట్టుకుని. ఎవరు పిలిచారయ్యా అంటే, ‘‘ఎలాగూ పిలుస్తారు గదండీ. తెల్లారగట్ల జీపొస్తే పిల్లలు జడుసుకుంటున్నారు’’ అనేవాడు. ఓసారి పాత షీట్లు, అంటే అనుమానితుల మీద స్టేషన్లో మనిషికొకటి చొప్పున తెరిచి ఉంచే పేజీలు, కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తుంటే ఆయన పేజీ తగిలింది. ఒక్క కేసులోనూ శిక్ష పడలేదు. షీటు తెరవడానికి కారణం అనే గడిలో నాకు ముందున్న ఏ రైటరో గుండ్రటి అక్షరాలతో రాశాడు: ‘తండ్రి పాత కేడీ’. నేనూ అదే మాట దించేశాను. అప్పుడేమీ అనిపించలేదు. మధ్యాహ్నం భోజనం కూడా బాగానే తిన్నాను.

మా అమ్మాయి సోషియాలజీలో ఎంఏ చేసింది. ఈ గడి సంగతి చెబితే, మరి ఆ తండ్రిని ఎందుకు ఎక్కించారు నాన్నా అంది. నా దగ్గర జవాబు లేదు, తను తెచ్చిన పుస్తకాల్లో ఉంది.

ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల అని వాళ్లలో శాఖలున్నాయి. అన్నీ పనుల పేర్లే. కోస్తా ఉప్పును ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని లోపలి ఊళ్లకు తీసుకెళ్లి ధాన్యానికి మార్చుకునేవారు. ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చింది, రైలొచ్చింది. 1876-78లో పెద్ద కరువు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి అడవిలో వెదురుకీ మేతకీ అడ్డం పడింది. తెరువు పోయి తిరుగుతున్న మనుషులు దొరల కంటికి దొంగలయ్యారు. 1871లో ఉత్తరాదికని చేసిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. నేరం చేసినా చేయకపోయినా వేలిముద్రలివ్వాలి, హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాసుండాలి. అలాంటివాళ్లను తెచ్చి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకి అప్పగించిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం. పేరు కూడా మద్రాసు సర్కారులోని ఓ దొరదే, హెరాల్డ్ స్టువర్ట్. దొంగలు కూడి కట్టుకున్న ఊరు కాదది, సర్కారు కట్టిన ఊరు. చీరాల పొగాకు కంపెనీకి అక్కణ్నుంచి కూలీలు కూడా దొరికారు.

అక్కడ దొంగలే లేరా అంటే, ఉన్నారు. రికవరీ బంగారం తూకం వేయించి రాసుకున్నవాణ్ని, నాకు తెలుసు. కానీ పని అడిగితే ఊరిపేరు విని తలుపేసుకునే లోకంలో, తాతనాటి నుంచీ పోలీసు హాజరులో ఉన్న ఇంట్లో, ఒకడు దొంగయితే అది రక్తంలోంచి వచ్చిందనడం ఎలా? పోనీ పేదరికమే కారణమందామా, అదీ పూర్తిగా నిలవదు. సదర్లండ్ అనే అమెరికా పండితుడు 1939లోనే అడిగాడట, మరి పెద్ద పెద్ద కంపెనీలవాళ్లు చేసే మోసాల సంగతేమిటని. మన హైదరాబాదులోనే 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో వేల కోట్లు ఉత్తివని బయటపడింది. ఆడిటర్ల కొడుకుల మీద మేమెవరం షీట్లు తెరవలేదు.

మన తిరుపతి వైపు అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన వేసిన కమిటీ ఆ నేరస్థ తెగల చట్టం పోవాలంది. 1952 ఆగస్టు 31న పోయింది కూడా. అయితే మద్రాసులో అంతకుముందే, 1948లోనే, అలవాటు నేరస్థుల చట్టం వచ్చి కూర్చుంది. మన రాష్ట్రానికి 1962లో మరొకటి. పుస్తకానికి అట్ట మారిందంతే. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమని తీర్పిచ్చింది. జైలు దాకా వెళ్లకముందే, ఠాణాలో ఉన్న గడి మాటేమిటి?

నేను అడిగేది పెద్దవేం కాదు. మనిషి దొరక్కముందే ఊరినీ కులాన్నీ హెడ్డింగ్‌కి ఎక్కించకండి. అసలు దొంగ దొరికినప్పుడు, ఆ వార్త కూడా మొదటి వార్త వచ్చినచోటే, అంతే సైజులో వేయండి. కొత్తగా చేరే ఎస్సైలకు ట్రైనింగులో ఏ ముఠా తాళం ఎలా తీస్తుందో చెబుతారు. ఆ ముఠా అన్న పేరు ఎలా వచ్చిందో కూడా ఒక పూట చెప్పించమని అధికారులను మీ పేపరు ద్వారా కోరుతున్నాను. ప్రతి స్టేషన్లోనూ షీట్లు తీసి, కారణం అనే గడిలో తండ్రి పేరు తప్ప మరేమీ లేనివి ఎన్నో లెక్కపెట్టి మూసేయాలి.

వేపచెట్టు కింద కూచునే ఆయన పోయాడు. కొడుకు ఆటో నడుపుకుంటున్నాడని విన్నాను. అతని పేరున షీటుందో లేదో నేనిప్పుడు చూడలేను, ఆ బీరువా తాళాలు డ్యూటీలో ఉన్నవాళ్ల దగ్గరుంటాయి.

— ఒక రిటైర్డ్ స్టేషన్ రైటర్, బాపట్ల జిల్లా